పైప్‌లైన్ బిల్లు మీద మా సెనేటర్ రాసిన జవాబు – చదివి మీ మాట చెప్పండి

#1 | పొలంగట్టు (అయోవా)

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిక చేసుకుని చదవండి.

మేము అయోవా ఉత్తరాన ఒక చిన్న ఊరి బయట ఉంటాం. ఆరెకరాల జాగా, పాత చెక్క ఇల్లు, వెనకాల కొన్ని కోళ్లు. నాది నేలలకు సంబంధించిన ఉద్యోగం, పొలాల్లో తిరిగే పని. మా కంచె అవతలి పొలం ఒక పెద్దాయనది. ఎనభైకి దగ్గర పడ్డారు. మేం ఈ ఇంటికి వచ్చిన మొదటి చలికాలం అడక్కుండానే ట్రాక్టర్ తెచ్చి మా దారిలో మంచు ఎత్తిపోసి వెళ్లిన మనిషి. ఆయన పొలం మధ్యలోంచి కార్బన్ పైప్‌లైన్ రూటు గీశారు. ఆయన సంతకం పెట్టలేదు, పెట్టనంటున్నారు. అయినా ఇక్కడి పర్మిట్ ప్రకారం ఎమినెంట్ డొమైన్ కింద, అంటే బలవంతపు భూసేకరణ కింద, ఆయన పొలంలో గొట్టం వేసే హక్కు తీసుకోవచ్చు.

తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. సమ్మిట్ కార్బన్ సొల్యూషన్స్ అనే ప్రైవేటు కంపెనీ 2021లో ఈ ప్లాను బయటపెట్టింది. ఇథనాల్ ఫ్యాక్టరీల్లో మొక్కజొన్న పులిసేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి, ఒత్తిడి పెంచి, దాదాపు 2,500 మైళ్ల గొట్టాల్లో నార్త్ డకోటాకు పంపి భూమి లోతుల్లో దాచాలన్నది ఆలోచన. ఐదు రాష్ట్రాలు, 57 ఫ్యాక్టరీలు. 2024 జూన్‌లో, ఇలాంటి లైన్లకు పర్మిట్ ఇచ్చే రాష్ట్ర సంస్థ అయోవా యుటిలిటీస్ బోర్డు దీనికి ఒప్పుకుంది. ఆ తర్వాత బోర్డు పేరు కమిషన్‌గా మారింది. 2025లో, పైప్‌లైన్ల కోసం బలవంతపు భూసేకరణను కట్టడి చేసే హౌస్ ఫైల్ 639 అనే బిల్లును రాష్ట్ర దిగువ సభ 85-10తో పాస్ చేసింది. మే 12న రాష్ట్ర ఎగువ సభ సెనేట్‌లో 27-22తో గట్టెక్కింది. జూన్ 11న గవర్నర్ కిమ్ రేనాల్డ్స్ వీటో చేశారు.

ఆ 22 మందిలో మా సెనేటర్ ఒకరు. మే నెలాఖరులో ఆయనకు ఉత్తరం రాశాను. మీరు ఎందుకు వద్దన్నారో నాకూ, మా పక్కింటి పెద్దాయనకూ అర్థమయ్యేలా చెప్పండి అని అడిగాను. పోయిన వారం జవాబు వచ్చింది, రెండు పేజీలు. నిజం చెప్పాలంటే నేను అనుకున్నదానికంటే శ్రద్ధగా రాశారు. సారాంశం ఇది.

ఆస్తి హక్కు మీద తనకు గౌరవం ఉందట. తను కూడా రైతు కుటుంబంలోంచే వచ్చారట. కానీ ఈ బిల్లు భూమి దగ్గర ఆగలేదు, ఇన్సూరెన్స్ షరతులు, కార్బన్ లైన్ల పర్మిట్‌కు 25 ఏళ్ల గడువు, కమిషన్ విచారణలు ఎలా జరగాలన్నది, అన్నీ ఒకే మూటలో కట్టారు అన్నారు. కార్బన్ కాని పైప్‌లైన్లకూ ఇది చుట్టుకుంటుందన్నారు. ఉన్న చట్టం ప్రకారం పర్మిట్ తెచ్చుకున్నవాళ్లకు మధ్యలో నిబంధనలు మారిస్తే రాష్ట్రం కోర్టు చుట్టూ తిరగాల్సి వస్తుందన్నారు. ఇథనాల్ దెబ్బతింటే మొక్కజొన్న ధర దెబ్బతింటుందన్నారు. భద్రత సంగతి ఫెడరల్ ప్రభుత్వానిదే, రాష్ట్ర సభ చేతుల్లో లేదన్నారు. చివర్లో, నా ముందుకు ఏ బిల్లు వచ్చిందో దాని మీదే నేను ఓటు వేయగలను అని రాశారు.

ఆ చివరి వాక్యం నాకు మింగుడు పడటం లేదు. అబద్ధమని కాదు. ఏదో మిగిలిపోయిందనిపిస్తోంది. మళ్లీ రాయాలనుకుంటున్నాను. ఏం అడగాలో చెప్పండి.

#2 | వరంగల్_వెంకన్న (వెస్ట్ డెమోయిన్)

అన్నా, నేను ఇక్కడే ఇన్సూరెన్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ చేస్తున్న, హెచ్1బి మీద. ఒక చిన్న డౌట్. నాకు ఓటు లేదు కదా. నేను కూడా సెనేటర్‌కు ఇట్ల రాయొచ్చా? రాస్తే వీసాకు ఏమన్నా టెన్షన్ ఉంటదా? మా టీమ్‌లో ఒకాయన తాత పొలం కూడా ఆ రూటులోనే ఉంది. రోజూ లంచ్‌లో ఇదే ముచ్చట.

#3 | లా_పాయింట్ (మిన్నియాపొలిస్)

వెంకన్న గారూ, నిరభ్యంతరంగా రాయొచ్చు. ఆ నియోజకవర్గంలో ఉండే ప్రతి మనిషికీ ఆయన ప్రతినిధే. నియోజకవర్గాల లెక్క కట్టేటప్పుడు ఓటర్లను కాదు, జనాభాను లెక్కపెడతారు. అందులో మీరూ ఉన్నారు. మీ అభిప్రాయం రాయడం వీసా నిబంధనలకు అడ్డు కాదు. ఎన్నికల విరాళాల విషయంలో మాత్రం జాగ్రత్త. గ్రీన్ కార్డు లేనివాళ్లు ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు.

పొలంగట్టు గారూ, మీ సెనేటర్ జవాబులో కొన్ని మాటలు నిజంగా బలమైనవి. ముందు అవి ఒప్పుకుందాం. బిల్లు విశాలమైనదే. గవర్నర్ వీటో సందేశంలోనూ ఇంచుమించు ఇదే వాదన ఉంది. కార్బన్ లైన్లే కాక వేరే ప్రాజెక్టులూ ఇరుక్కుంటాయి, ఇప్పటికే ఉన్న పర్మిట్లకు ఇబ్బంది అని ఆమె రాశారు. బిల్లులో ఒక అంశం మాత్రం ఆమెకు నచ్చింది. సాక్షులు చెప్పేటప్పుడు కమిషనర్లు అందరూ హాజరు కావాలన్నది. దాన్ని చట్టం లేకుండానే అమలు చేయమని కమిషన్‌ను అడిగారు.

కానీ మీకు మింగుడు పడని ఆ వాక్యం ఉంది చూశారా, అసలు సంగతి అక్కడే ఉంది. రోల్ కాల్ ఓటు అనేది ప్రయాణంలో చివరి స్టేషన్. అంతకుముందు ముగ్గురు సభ్యుల సబ్‌కమిటీ, ఆపైన కమిటీ, "ఫనెల్" అనే గడువు వారాలు, ఆ తర్వాత సభలో చర్చకు ఏది పెట్టాలో నిర్ణయించే మెజారిటీ లీడర్. ఇన్ని చోట్ల బిల్లు ఆగిపోవచ్చు. ఆగిపోయిన చాలా బిల్లులకు ఎవరి ఓటూ రికార్డులో ఉండదు.

2023లో హౌస్ ఫైల్ 565 దిగువ సభలో 73-20తో పాసైంది. రూటులో 90 శాతం భూమికి యజమానులు ఇష్టపూర్వకంగా సంతకం పెడితేనే మిగతాదానికి బలవంతపు సేకరణ అన్నది అందులో ముఖ్యం. సెనేట్‌లో అది ఓటుకే రాలేదు. 2024లో హౌస్ ఫైల్ 2664, 86-7తో పాసైంది. సెనేట్‌లో అదీ ఓటుకు రాలేదు. 2025లో 639తో పాటు, వ్యవసాయ భూమిని కార్బన్ పైప్‌లైన్ కోసం బలవంతంగా తీసుకోకూడదు అనే చిన్న బిల్లు కూడా దిగువ సభ పంపింది. సెనేట్‌లో దానికీ ఓటు దక్కలేదు.

ఇప్పుడు మీ సెనేటర్ మాట మళ్లీ చదవండి. బిల్లు మరీ పెద్దదైపోయింది కాబట్టి వద్దన్నాను అంటున్నారు. మరి చిన్న బిల్లు వచ్చినప్పుడు దాన్ని సభ ముందుకు తెమ్మని తన నాయకుడిని అడిగారా? ఈ ఒక్క ప్రశ్న చాలు.

#4 | పొలంగట్టు

లా పాయింట్ గారూ, చాలా థాంక్స్ అండీ. నేను 639 చుట్టూనే తిరుగుతున్నాను. చిన్న బిల్లు ఒకటి అక్కడే పడి ఉందని నాకు తట్టనే లేదు.

#5 | పిండిమర (నెబ్రాస్కా సరిహద్దు)

పొలంగట్టు గారూ, నేను మీకు ఎదుటి పక్షం. దాచుకోను. ఇథనాల్ ఫ్యాక్టరీలో కెమికల్ ఇంజినీర్‌ని, పదకొండేళ్లుగా.

అయోవా మొక్కజొన్నలో సగానికి పైగా ఇథనాల్‌కే పోతుంది. ఈ సగం కొనేవాడు లేకపోతే ధర ఏమవుతుందో మీ పెద్దాయనకు నాకంటే బాగా తెలుసు. ఇవాళ కొనేవాళ్లు అడిగేది ఒకటే: మీ ఇంధనం వెనక ఎంత కార్బన్ ఉంది? పులియబెట్టే ట్యాంకు నుంచి వచ్చేది దాదాపు స్వచ్ఛమైన కార్బన్ డయాక్సైడ్. పట్టుకోవడానికి ఇంతకంటే తేలికైన చోటు పరిశ్రమల్లో దొరకదు. ఫెడరల్ పన్ను చట్టం 45క్యూ కింద భూమిలో దాచిన ప్రతి టన్నుకూ 85 డాలర్ల వరకు రాయితీ ఉంది. అటు నెబ్రాస్కాలో ట్రెయిల్‌బ్లేజర్ అనే పాత గ్యాస్ లైన్‌నే కార్బన్ లైన్‌గా మార్చి వయోమింగ్ వైపు పంపే పని చేపట్టారు. అక్కడి ఫ్యాక్టరీకి లైన్ ఉండి, మాకు లేకపోతే, ఒకే గింజతో చేసిన సరుకు మాది చవకగా అమ్ముడవుతుంది. మా ఊళ్లో ఈ ఫ్యాక్టరీ తప్ప నిలకడైన జీతం ఇచ్చేది స్కూలు, ఆసుపత్రి మాత్రమే.

ఇంకో మాట. అయోవా రూటులో దాదాపు నాలుగింట మూడొంతుల భూమికి ఇష్టపూర్వకంగానే సంతకాలు అయ్యాయని కంపెనీ చెబుతోంది. ఆ రైతులూ రైతులే. వాళ్ల మాట ఈ చర్చలో వినపడటం లేదు. మీ సెనేటర్ ఓటు వెనక వాళ్లు కూడా ఉన్నారని నా నమ్మకం.

#6 | పొలంగట్టు

పిండిమర గారూ, మీరు వచ్చి ఇలా నేరుగా చెప్పినందుకు సంతోషం. ఇథనాల్ మీద నాకు పగ లేదు. నా జీతం కూడా ఎక్కడో ఈ మొక్కజొన్న మీదే ఆధారపడింది.

కానీ ఒకటి చెప్పనివ్వండి. ట్రెయిల్‌బ్లేజర్ గురించి మీరే ఎత్తారు. అక్కడ పని ముందుకు సాగడానికి కారణం చూడండి. లైను చాలావరకు ముందే భూమిలో ఉంది. ఆపైన ఆ కంపెనీ, కీస్టోన్ ఎక్స్‌ఎల్ అనే ముడి చమురు పైప్‌లైన్ మీద ఏళ్ల తరబడి పోరాడిన బోల్డ్ అలయన్స్ అనే సంస్థతో కూర్చుని 2024లో ఒప్పందం రాసుకుంది. అంటే జనంతో మాట్లాడి చేసే దారి ఉందన్నమాట.

పెద్దాయన భయం డబ్బు గురించి కాదు. ఆయన పొలం కింద మట్టి గొట్టాల డ్రెయిన్ టైల్ ఉంది, వాళ్ల నాన్న చేత్తో తవ్వి వేసింది. ఇక్కడి నల్లరేగడి లాంటి నేలల్లో ఆ టైల్ లేకపోతే వసంతంలో నీళ్లు నిలిచి విత్తనం కుళ్లిపోతుంది. పైప్‌లైన్ కందకం ఆ గొట్టాలను అడ్డంగా కోసుకుంటూ పోతుంది. తిరిగి అతికిస్తామంటారు. అతికిస్తారు కూడా. కానీ బరువైన యంత్రాలు తిరిగిన నేల గట్టిపడిపోతుంది. డకోటా యాక్సెస్ అనే ముడి చమురు లైన్ వేసిన చోట అయోవా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు కొలిచారు. మొదటి రెండు పంటకాలాల్లో మొక్కజొన్న దిగుబడి సుమారు 15 శాతం, సోయా సుమారు 25 శాతం తగ్గింది. ఇది నా వృత్తి కాబట్టి నొక్కి చెబుతున్నాను. నేల నిర్మాణం ఒకసారి చెదిరితే డబ్బు ఇచ్చినంత వేగంగా తిరిగి రాదు.

#7 | కొబ్బరాకు (మామిడికుదురు / ప్రస్తుతం డాలస్)

అన్నయ్యా, మీ పెద్దాయన కథ చదువుతుంటే మా నాన్నగారే గుర్తొచ్చారండి. మా కొబ్బరితోటలోంచి కూడా గ్యాస్ గొట్టం వెళ్లింది. కంపెనీ పేరు ఇక్కడ వద్దు. మన దగ్గర దీనికి 1962 నాటి కేంద్ర చట్టం ఉంది, పెట్రోలియం, ఖనిజాల పైప్‌లైన్ల చట్టం. భూమి మనదే, పట్టా మనదే. వాళ్లు తీసుకునేది వాడుకునే హక్కు మాత్రమే. కానీ ఆ పట్టీ మీద ఇల్లు కట్టకూడదు, చెరువు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. కొబ్బరితోటలో చెట్టు నాటకూడదంటే ఇంకేం మిగిలిందండి. నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరం చెప్పడానికి 21 రోజులు. వాడుక హక్కు కోసం భూమి మార్కెట్ విలువలో 10 శాతం, కొట్టేసిన చెట్లకు, పంటకు విడిగా నష్టపరిహారం.

అప్పట్లో మా నాన్నగారు మా ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లారు. ఆయన మంచిగానే కూర్చోబెట్టి టీ ఇప్పించి, ఇది ఢిల్లీ చట్టం మాస్టారూ, నాకిందులో ఓటు లేదు అన్నారట. అది నిజమే. పార్లమెంటు చేసిన చట్టం. నాన్నగారు దరఖాస్తు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశారు. ఆ కాగితం ఇప్పటికీ మా బీరువాలో ఉంది.

అందుకే అన్నయ్యా, మీ సెనేటర్‌కు అందులో ఓటు ఉండటం, ఆయన రెండు పేజీలు రాయడం, ఇది మామూలు విషయం కాదు. వదలకండి.

ఇంకోటి. 2014 జూన్ 27 తెల్లవారుజామున మా పక్కన నగరం గ్రామంలో గ్యాస్ పైప్‌లైన్ పేలింది. 20 మందికి పైగా చనిపోయారు. మా పిన్ని వాళ్ల ఇల్లు ఆ ఊళ్లోనే, కొంచెం దూరంలో ఉండి బతికిపోయారు. ఒకాయన టీ కోసం స్టవ్ వెలిగించినప్పుడు అంటుకుందని ఊళ్లో చెప్పుకున్నారు. పొడి గ్యాస్ వెళ్లాల్సిన గొట్టంలో నీటి తేమ చేరి లోపల తుప్పు పట్టిందని తర్వాత విచారణలో తేలింది. గొట్టం పాతేసిన రోజు అందరూ వస్తారండి. పదేళ్ల తర్వాత లోపల ఎలా ఉందో చూసేవాళ్లు ఎవరన్నదే ప్రశ్న. భద్రత మాది కాదు అని మీ సెనేటర్ రాశారు కదా, అది చదవగానే నాకు ఒళ్లు జలదరించింది.

#8 | డకోటా_నర్సు (సియాక్స్ ఫాల్స్)

కొబ్బరాకు గారూ, మీ పోస్టు చదివి కాసేపు అలాగే ఉండిపోయాను.

కార్బన్ డయాక్సైడ్ మండదు కాబట్టి మంటలు లేవవు. దాని ప్రమాదం వేరు. గాలికంటే బరువు, పల్లానికి పాకుతుంది, ఊపిరి ఆడనివ్వదు. 2020 ఫిబ్రవరి 22న మిసిసిపీలో సటార్షియా అనే చిన్న ఊరి దగ్గర కార్బన్ లైన్ తెగింది. పెద్ద వానలకు కొండవాలు మట్టి జారి గొట్టం విరిగింది. దాదాపు 200 మందిని ఖాళీ చేయించారు, 45 మంది ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చింది. కార్ల ఇంజన్లు కూడా ఆక్సిజన్ అందక ఆగిపోయాయి. అంటే పారిపోవడానికి బండి కూడా పనిచేయదు. నేను ఎమర్జెన్సీ వార్డులో చేస్తాను. మా దగ్గర పల్లెల అంబులెన్సులు నడిపేది చాలా చోట్ల వాలంటీర్లు. వాళ్ల దగ్గర సరిపడా ఆక్సిజన్ సిలిండర్లు, మాస్కులు ఉన్నాయా అని ఎవరూ అడగరు.

ఇక మా రాష్ట్రం సంగతి. సౌత్ డకోటాలో 2024లో పైప్‌లైన్లకు అనుకూలంగా ఒక చట్టం చేశారు. జనం సంతకాలు పోగుచేసి దాన్ని నవంబర్ ఎన్నికల్లో ఓటుకు పెట్టించారు. దాదాపు 59 శాతం మంది వద్దన్నారు. ఆ ఏడాది జూన్ ప్రైమరీల్లోనే, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికల్లోనే, చాలామంది పాత సభ్యులు ఓడిపోయారు, పైప్‌లైన్ పెద్ద కారణం. కొత్త సభ రాగానే హౌస్ బిల్లు 1052 పాస్ చేసింది. కార్బన్ పైప్‌లైన్‌కు ఎమినెంట్ డొమైన్ వాడకూడదు, అంతే. చాలా పొట్టి బిల్లు. 2025 మార్చి 6న గవర్నర్ ల్యారీ రోడెన్ సంతకం పెట్టారు. ఏప్రిల్‌లో మా కమిషన్ కంపెనీ దరఖాస్తును రెండోసారి తిరస్కరించింది.

కాబట్టి బిల్లు చిన్నదిగా, సూటిగా రాయడం కుదరదని ఎవరైనా అంటే, పక్క రాష్ట్రం కాగితం చూపించండి.

#9 | పిండిమర

నర్సు గారూ, సౌత్ డకోటా ఉదాహరణకు నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. సటార్షియా నిజం. మా ఫ్యాక్టరీ భద్రతా శిక్షణలో కూడా దాని గురించి చెబుతారు. కానీ భద్రత ఫెడరల్ విషయం అన్న సెనేటర్ మాట చట్టప్రకారం సరైనదే కదా?

#10 | లా_పాయింట్

సరైనదే. పైప్‌లైన్ భద్రత ప్రమాణాలు పీహెచ్‌ఎంఎస్‌ఏ అనే ఫెడరల్ సంస్థవి. అయోవాలో షెల్బీ, స్టోరీ కౌంటీలు ఇళ్లకు ఇంత దూరంలో ఉండాలని సొంతంగా నిబంధనలు పెట్టుకుంటే కోర్టు కొట్టేసింది. 2025 జూన్ మొదటి వారంలో ఎనిమిదో సర్క్యూట్ ఫెడరల్ అప్పీల్ కోర్టు కూడా కంపెనీ పక్షానే చెప్పింది.

అయితే కథ అక్కడితో ఆగదు. సటార్షియా తర్వాత ఆ ఫెడరల్ సంస్థ కార్బన్ లైన్లకు కొత్త నిబంధనల ముసాయిదా తయారు చేయడానికి ఏళ్లు పట్టింది. 2025 జనవరి మధ్యలో ప్రకటించారు. అదే నెలలో ప్రభుత్వం మారాక వెనక్కి తీసుకున్నారు. అంటే రాష్ట్రం మాది కాదంటుంది, కౌంటీకి హక్కు లేదంటారు, ఫెడరల్ వాళ్ల దగ్గర ముసాయిదా కూడా లేదు. భద్రతను నువ్వు తేల్చలేనప్పుడు, ఒప్పుకోని మనిషి పొలంలోకి ఆ లైన్‌ను బలవంతంగా పంపే అధికారం మాత్రం ఎందుకిస్తున్నావు? రాష్ట్ర సభ చేతుల్లో నిఖార్సుగా ఉన్నది ఆ అధికారమే.

ఎమినెంట్ డొమైన్ గురించి రెండు ముక్కలు. అయోవా రాజ్యాంగం మొదటి అధ్యాయం 18వ సెక్షన్: ప్రైవేటు ఆస్తిని ప్రజా వినియోగానికి మాత్రమే, న్యాయమైన పరిహారంతోనే తీసుకోవాలి. 2005లో అమెరికా సుప్రీంకోర్టు కీలో కేసులో 5-4తో, ఆర్థికాభివృద్ధి కూడా ప్రజా వినియోగమే అన్నప్పుడు దేశమంతా గగ్గోలు పుట్టింది. అయోవా సభ 2006లో దాన్ని కట్టడి చేసే బిల్లు పాస్ చేసింది. గవర్నర్ టామ్ విల్సాక్ వీటో చేశారు. సభ ప్రత్యేకంగా సమావేశమై రెండు పార్టీల ఓట్లతో ఆ వీటోను తోసిపుచ్చింది. నలభై ఏళ్లకు పైగా ఆ రాష్ట్రంలో అలా జరగలేదు.

2019లో డకోటా యాక్సెస్ కేసులో అయోవా సుప్రీంకోర్టు పైప్‌లైన్‌ను ఒప్పుకుంది. కానీ ఊరికి డబ్బు వస్తుంది, ఉద్యోగాలు వస్తాయి అన్న కారణం ఒక్కటే సరిపోదని కూడా చెప్పింది. ఆ లైన్ ఎవరి ముడి చమురునైనా మోసే కామన్ క్యారియర్ కాబట్టి నిలబడింది. అందుకే 639లో కామన్ క్యారియర్ అని నిరూపించుకోవాలి అనే నిబంధన పెట్టారు. పిండిమర గారి వాదన, మీ సెనేటర్ ఇథనాల్ వాదన, రెండూ ఆర్థిక వాదనలు. అవి నిజం కావచ్చు. కానీ బలవంతంగా తీసుకోవడానికి ఆ నిజం చాలుతుందా అన్నది వేరే ప్రశ్న.

#11 | వరంగల్_వెంకన్న

మరి ఇప్పుడు కూడా వీటోను తోసిపుచ్చొచ్చు కదా సార్? ఆగిందెక్కడ?

#12 | లా_పాయింట్

లెక్క చూడండి. ప్రత్యేక సమావేశం పిలవాలన్నా, వీటో తోసిపుచ్చాలన్నా రెండు సభల్లోనూ మూడింట రెండొంతులు కావాలి. వందమంది దిగువ సభలో 67, యాభైమంది సెనేట్‌లో 34. దిగువ సభ స్పీకర్ ప్యాట్ గ్రాస్లీ సంతకాలు మొదలుపెట్టారు. సెనేట్‌లో బిల్లుకు వచ్చినవే 27. అప్పటి మెజారిటీ లీడర్ జాక్ విట్వర్ తమ వాళ్లకు ఆసక్తి లేదనేశారు.

ఆ 27 కూడా ఊరికే రాలేదు. 12 మంది రిపబ్లికన్ సెనేటర్లు, ఈ బిల్లు చర్చకు తేకపోతే బడ్జెట్ బిల్లులకు ఓటు వేయం అని సొంత నాయకులకే ఉత్తరం రాశారు. చివరికి 13 మంది రిపబ్లికన్లు, 14 మంది డెమోక్రాట్లు కలిశారు. నా ముందుకు వచ్చినదాని మీదే ఓటు వేయగలను అన్న మాటకు అసలు జవాబు ఆ పన్నెండుమందే. వాళ్ల ముందుకూ ఏదీ రాలేదు. వాళ్లు రప్పించుకున్నారు.

#13 | పొలంగట్టు

లా పాయింట్ గారి ఆఖరి మాటలు పెద్దాయనకు ఇంగ్లిష్‌లో చదివి వినిపించాను. ఏమీ అనలేదు. తల ఊపి, మళ్లీ చదవమన్నారు.

రెండో ఉత్తరం ఇలా రాశాను. ముందుగా, వివరంగా జవాబిచ్చినందుకు ధన్యవాదాలు. బిల్లు విశాలమైనదన్న మీ అభ్యంతరం అర్థమైంది. వ్యవసాయ భూమి గురించిన చిన్న బిల్లు మీ సభలోనే ఉంది. జనవరిలో సభ మొదలైనప్పుడు దాన్ని, లేదా సౌత్ డకోటా లాంటి పొట్టి బిల్లును, ఓటుకు తెమ్మని మీ నాయకుడిని అడుగుతారా? వస్తే అవునంటారా, కాదంటారా? వీలైతే ఒకసారి వచ్చి ఈ పొలం చూడండి. ఇంతే. కోపంగా రాసిన ఒక పేరా ఉండింది, మా ఆవిడ తీసేయించింది.

పిండిమర గారూ, మీ మాట కూడా ఒక వాక్యంగా చేర్చాను. ఇథనాల్ మీద ఆధారపడ్డ మిత్రులు ఇష్టపూర్వక సంతకాలతో లైన్ రావాలని కోరుకుంటున్నారు, నేను దానికి వ్యతిరేకిని కాను అని. తప్పుగా రాయలేదనుకుంటాను.

#14 | పిండిమర

సరిగ్గానే రాశారు. లైన్ రావాలి, బలవంతం లేకుండా రాగలిగితే అందరికంటే ముందు సంతోషించేది నేనే. రూటు కొంచెం అటూ ఇటూ జరిపి, ఒప్పుకునే భూముల్లోంచి పోనిచ్చే వెసులుబాటు ఇవ్వాలని సెనేట్‌లోనూ ఒక ప్రతిపాదన నడిచింది. దాన్ని కూడా అడగండి. అది మీకూ నాకూ మధ్య ఉన్న దారి.

#15 | డకోటా_నర్సు

పొలంగట్టు గారూ, వస్తే అంబులెన్సుల సంగతి కూడా ఒక మాట వేయండి, ప్లీజ్.

#16 | పొలంగట్టు

మూడు వారాలు పట్టింది. సెనేటర్ వచ్చారు. పొద్దున్నే ఒక్కరే, పాత పికప్ ట్రక్కులో. పెద్దాయన, నేను, మా పెద్దబ్బాయి ఉన్నాం. గంటన్నర నడిచాం.

డ్రెయిన్ టైల్ నీళ్లు కాలువలో పడే చోటికి తీసుకెళ్లి చూపించాను. సెనేటర్ గారు వంగి గొట్టం అంచు తడిమి చూశారు. వాళ్ల తాత పొలంలోనూ ఇవే ఉండేవట. పెద్దాయన అడిగింది ఒకటే ప్రశ్న: నేను వద్దన్నాను, నా మాట ఎక్కడ రాసి ఉంది? సెనేటర్ వెంటనే జవాబు చెప్పలేదు. కమిషన్ రికార్డులో ఉంటుందన్నారు. పెద్దాయన, అక్కడ ఉంది, కానీ దానివల్ల ఏమీ ఆగలేదు కదా అన్నారు.

చిన్న బిల్లు గురించి నేను నేరుగా అడిగాను. ఓటు ఏమి వేస్తారో ఇప్పుడే మాట ఇవ్వలేనన్నారు. ఓటుకు తెమ్మని మాత్రం తమ పార్టీ సమావేశంలో అడుగుతానన్నారు. ఇష్టపూర్వక రూటు మార్పు ఆయనకు నచ్చినట్టుంది, జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి రాసుకున్నారు. అంబులెన్సుల మాట కూడా వేశాను నర్సు గారూ. తమ కౌంటీలో ఎన్ని ఆక్సిజన్ సెట్లు ఉన్నాయో తనకు తెలియదని, కనుక్కుంటానని అన్నారు. 639 మీద వేసిన ఓటు మాత్రం సరైనదేనని ఇప్పటికీ అంటున్నారు. ఆయన అలా అన్నప్పుడు నాకు బాధగానే అనిపించింది.

#17 | కొబ్బరాకు

వచ్చి పొలం తొక్కారు కదండి అన్నయ్యా. మా నాన్నగారికి ఫోన్‌లో చదివి వినిపించాను. ఆ పెద్దాయనకు నమస్కారం చెప్పమన్నారు.

#18 | వరంగల్_వెంకన్న

నేను కూడా మా సెనేటర్‌కు రాసిన అన్నా, నిన్న రాత్రి. లా పాయింట్ సార్ చెప్పిన ప్రశ్నే పెట్టిన. మా టీమ్‌ల ఆయన కూడా రాసిండు.

#19 | పొలంగట్టు

కొబ్బరాకూ, నమస్కారం అందించాను. ఎక్కడ ఈ కోనసీమ అని అడిగారు, మ్యాప్‌లో చూపించాను. కొబ్బరిచెట్టు నాటకూడదన్న సంగతి చెబితే చాలాసేపు దాని గురించే మాట్లాడారు.

సభ జనవరి రెండో సోమవారం మొదలవుతుంది. ఏ బిల్లు ఏ సబ్‌కమిటీకి వెళ్లిందో ఇదే థ్రెడ్‌లో పెడతాను. సబ్‌కమిటీలో ఎవరైనా వెళ్లి మాట్లాడొచ్చట. పెద్దాయన వస్తానన్నారు, నేను డ్రైవ్ చేస్తాను. డెమోయిన్ చుట్టుపక్కల ఉన్నవాళ్లు ఎవరైనా ఆ రోజు వీలైతే రండి. బిల్లు నంబరు రాగానే రాస్తాను.